ఐలా వద్దంది

థండర్ బే ఊళ్ళో ఐలా కంగాస్‌ని మొండిఘటం అననివాళ్ళు లేరు. అననివ్వండి, ఆవిడకేం! పందొమ్మిదేళ్ళు అంబులెన్సు ఫోన్లు ఎత్తిన మనిషి. "మా అమ్మకి ఊపిరాడట్లేదండీ" అని అవతల ఏడుస్తుంటే, ఇవతల వణక్కుండా అడ్రసు రాసుకున్న చెయ్యి అది. తర్వాత ఆ ఫోన్లని నడిపే కంప్యూటర్ల కంపెనీలోకి మారినా, ఆ గొంతులు చెవిలోంచి పోలేదు.

కంపెనీ ఆ ఏడు ఒక ఏజెంటుని పెట్టింది. మనిషి కాదు, ప్రోగ్రాము. కంప్యూటర్లని తనే చూసుకుంటుంది, తనే బాగుచేస్తుంది. పెద్ద పనైతే మాత్రం ముందు ఐలాని అడగాలి. రోజుకి మూడొందల ప్రశ్నలు! ఆవిడకి ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు చదవకుండానే సరే, సరే అని నొక్కిపారేశారు. ఐలా ఒక్కొక్కటీ చదివేది.

"ఈవిడ దగ్గరికెళ్తే ప్రశ్నక్కూడా జుట్టు నెరుస్తుంది" అని నవ్వేవాళ్ళు పక్కవాళ్ళు.

"నొక్కడానికి బొటనవేలు చాలు. తలకాయున్నదాన్ని నన్నెందుకు కూర్చోబెట్టారు?" అనేది ఆవిడ.

ఆ గురువారం పొద్దున ఏజెంటు అడిగింది: "ఈ ఆరు మిషన్లనీ తొంభై రోజులుగా ఎవరూ వాడలేదు. తుడిచేయనా?"

ఐలా వద్దంది. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దంది. మేనేజరు డీన్ పెట్రిక్ విసవిసా వచ్చాడు.

"ఐలా గారూ, వాడని మిషన్లని మేపడం దేనికండీ?"

"అసలువి పడిపోతే లేచేవి ఇవే బాబూ. గోడకి తగిలించిన మంటలార్పే సిలిండర్ని రోజూ ఎవరు ముట్టుకుంటారు? ముట్టుకోలేదని పారేస్తావా?"

"ఏజెంటుకి మనకన్నా ఎక్కువ తెలుసండీ."

"అయితే దాన్నే అడుగుదాం." టకటకా కొట్టింది: ఇది తప్పయితే వెనక్కి తేగలవా?

"తేలేను" అని వచ్చింది జవాబు.

డీన్ మొహం కందగడ్డయింది. "అసలువి చివరిసారి పడిపోయి నాలుగేళ్ళయింది! మీ చాదస్తంతో వేగలేక చస్తున్నాం. రేపట్నుంచి ఈ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారు."

ఐలా బెంగ కుర్చీ గురించి కాదు. రేపు ఎవరో సరే అంటారు. ఎప్పుడో అసలు మిషన్లు కూలతాయి. అప్పుడు ఎవరి తల్లో ఊపిరాడక అల్లాడుతుంటే ఫోను ఎత్తే దిక్కుండదు.

"రేపు కదా? ఇవాళ ఐదింటిదాకా నేనే!" అంటూ డీన్ చూస్తుండగానే ఏజెంటు అధికారాల పేజీ తెరిచింది. చూడొచ్చు, ఉంచింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టొచ్చు, అదీ ఉంచింది. తుడవొచ్చు అన్నదాన్ని కొట్టేసింది.

"ఎవరిచ్చారండీ మీకా హక్కు?"

"నువ్వే. నిబంధన కింద సంతకం నీదే. దాన్ని కట్టడి చెయ్యడానికి నేనొక్కదాన్ని చాలు. మళ్ళీ వదలాలంటే నీతోపాటు అంబులెన్సు అధికారి సంతకం కూడా కావాలి. వెళ్ళి అడుగు. ఎందుకో కూడా చెప్పు!"

డీన్ వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

మర్నాడు ఐలాని కింద పాత కాగితాల గదిలోకి తోశారు. గులాబీ పాకం పూసిన పర్షియన్ బన్ను ఒకటి కొనుక్కుని దర్జాగా వెళ్ళి కూర్చుందావిడ. పైన కొత్తమనిషి మొదటి గంటలోనే ఎనభై ప్రశ్నలకి సరే నొక్కాడు. అందులో ఆ ఆరు మిషన్ల ప్రశ్న కూడా ఉంది. చదవలేదు, నొక్కేశాడు.

ఏజెంటు బదులిచ్చింది: "మీరు సరే అన్నారు. కానీ తుడిచే అధికారం నాకు లేదు."