మిరపకాయలు ఎత్తేదాకా ఒక చుట్టు

రండి, చాప మీద ఇంకా జాగా ఉంది, దగ్గరికి జరిగి కూర్చోండి. పొద్దున గ్యాస్ బండ అయిపోతే అటక మీది పాత వత్తుల స్టవ్ దింపాను. గాసునూనె పోసి ముట్టించగానే ఇల్లంతా ఆ వాసనే. మా కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గంటె పట్టుకొని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన నాకు పొయ్యిది కాదు, ఒక మనిషిది. విమానం తాగే నూనె కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. కెప్టెన్ హమీద్ సాబ్ ఎంత తెల్లని చొక్కా తొడిగినా దానికి ఆ వాసన అంటుకొనే ఉండేది. మొదటిసారి వంటింటి గడపలో నిలబడి ఆయన చాయ్ అడగబోతే, ఎవరో తెలియక, "గాసునూనె నిన్ననే పోసిపోయిన్రు, ఇయ్యాల వద్దు" అన్నాను. ఆయన తన చొక్కా తానే వాసన చూసుకొని, గోడ పట్టుకొని నవ్వాడు.

అవి తొంభైల మొదటి రోజులు. మేళ్లచెరువు దిక్కున, సున్నపురాయి గనుల పక్కన ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్ హౌసులో నేను వంట చేసేదాన్ని. ఫ్యాక్టరీ యజమాని సేఠ్ హైదరాబాదు నుంచి వచ్చిపోవడానికి అక్కడే ఒక రన్‌వే వేయించాడు. దాని ఒక కొసన గని గుంత, రెండో కొసన మా వాడ. హమీద్ సాబ్ సేఠ్‌కున్న రెండు పంకాల చిన్న విమానం నడిపేవాడు. పుట్టింది నకిరేకల్‌లో. తండ్రి సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడట. గల్ఫ్ దేశంలో షేకుల పెద్ద విమానాలు నడిపి, తల్లికి చూపు తగ్గిందని తెలిసి అన్నీ వదిలి వచ్చేశాడు. వచ్చి ఈ చిన్నదాంట్లో కూర్చున్నాడు. గుర్రమెక్కినవాడు గాడిదెక్కినట్టయిందని ఫ్యాక్టరీలో చాటుగా నవ్వుకునేవారు. ఆయన చెవిన పడినా పట్టించుకునేవాడు కాదు.

ఆ రన్‌వే మా వాడకు ఎంత అక్కరకొచ్చిందో చెబితే నవ్వుతారు. అంత నున్నటి జాగా మా జన్మలో చూడలేదు. మిరపకాయ కోతలు కాగానే ఆడవాళ్లమందరం తట్టలెత్తుకొని పోయి దాని మీద ఆరబోశాం. ఎర్రటి తివాచీ పరిచినట్టయింది. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. మా అత్త నడుముకు కొంగు చుట్టి, చీపురు ఆకాశం మీదికి ఎత్తింది. "ఓ అయ్యా! నీ మోటరు మండ! జర ఆగరాదా, కాయలు ఎత్తుకోనియ్యవా?" విమానం నిజంగానే ఆగినట్టు పైకి లేచింది. గని మీదుగా పోయి, పెద్ద చుట్టు చుట్టి, మేము చివరి తట్ట ఎత్తేదాకా దిగలేదు.

సేఠ్ మమ్మల్ని తిట్టడానికి నోరు తెరిచాడు. హమీద్ సాబ్ అడ్డం వచ్చి మా అత్త ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "అవ్వా, ఆరబోసుకునేది ఈ అంచుకు ఆరబోసుకోండ్రి. నేను వచ్చేముందు మీ వాడ మీద ఒక చుట్టు తిరుగుత. చప్పుడు ఇనంగనే ఎత్తుకోండ్రి. ఒక్క కాయ ఇంజన్ మూతిల పడ్డా నా పని ఖతం." మా అత్త ఆయనను కింది నుంచి మీది దాకా చూసి, "మాట తప్పవు గదా బిడ్డా?" అంది. ఆయన తప్పలేదు. సేఠ్ లోపల కూర్చొని గడియారం చూసుకుంటున్నా సరే, మా వాడ మీద ఒక చుట్టు తిరిగాకే దిగేవాడు.

రెండేళ్లకు సేఠ్ వ్యాపారం పెరిగింది. దేశదేశాలు తిరగడానికి పెద్ద జెట్ విమానం కొనాలనుకున్నాడు. రెండు బేరానికి వచ్చాయి. ఒకటి రెండింజన్లది, ఇంకొకటి మూడింజన్లది. రెండింటిలోనూ మనిషి తల వంచకుండా నడవచ్చునట, పడుకోవచ్చునట. సేఠ్ మనసు రెండింజన్లదాని మీదే ఉంది. అయితే దానికి రన్‌వే చాలదు. గని దిక్కు గుంతే కాబట్టి వాడ దిక్కుకు పెంచాలి, మా ఇండ్లు లేపి ఎక్కడో గుట్ట వెనక వేయాలి. ఈ మాట ఫ్యాక్టరీ గేటు దాటి మా వాడకు చేరేసరికి ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. "నువ్వు వండిపెడ్తవు గదనే మరియమ్మా, నువ్వన్న అడుగు" అని మా అత్త నా వెంట పడింది.

అడిగాను. "సాబ్, మా ఇండ్లు పోతయా?" ఆయన జొన్నరొట్టె తుంచుతూ తుంచుతూ ఆగాడు. "రెండూ నడిపి చూడకుండ ఏం చెప్పను బిడ్డా? మా నాయిన ఎద్దును సంతల చూసి కొనియ్యకపోయేది. సంతల అన్ని ఎడ్లూ అందగాళ్లే. చెలకల నాగలి కట్టి చూడాలె అనేటోడు." ఆ మరునాడే హైదరాబాదు పోయాడు. రెండు విమానాలూ అమ్మేవాళ్ల పైలట్లతో అక్కడికే వచ్చాయి.

తిరిగి వచ్చిన రోజు పుంటికూర వండాను. ఆయన తినడం మానేసి చేతులతో గాలిలో విమానం నడుపుతూ రెండింజన్లదాని గురించి చెప్పాడు. "ఏం లేస్తది బిడ్డా! బాణం లెక్క. మబ్బుల మీదికి పోతే లోపల చప్పుడే ఉండదు. చాయ్ తొణకదు. ఒక్కసారి నూనె పోస్తే సముద్రం దాటిస్తది. గల్ఫ్‌ల దాని అన్ననే నేను నడిపింది. చెయ్యి పెట్టంగనే గుర్తువట్టింది నన్ను." ఆ కళ్లలో వెలుగు చూస్తూ గంటె గిన్నెలోనే వదిలేశాను. ఆ మనిషికి అది ఎంత ఇష్టమో చిన్న పిల్లకైనా తెలిసేది. మా వాడ పోయినట్టే అనుకున్నాను.

"మరి మూడింజన్లది?" అన్నాను. ఆయన గొంతు తగ్గింది. "అది గంత షోకుది కాదు. లోపల కొంచెం ఇరుకు. అంత దూరం పోదు. కని తేలిక. దిగేటప్పుడు రెక్కలు ఇప్పుకొని, పిల్లలున్న తల్లి లెక్క మెల్లగ వస్తది. తక్కువ జాగల ఆగుతది." నాకు తోచింది నేనన్నాను, "పొయ్యికి మూడు రాళ్లుంటేనే కుండ నిలబడతది సాబ్." ఆయన నవ్వాడు. "గది పొయ్యి సంగతి. ఈడ ఒక రాయి జారినా కుండ పడొద్దు. ఇంజన్లు లెక్కబెట్టి తీర్పు చెప్పేది కాదు బిడ్డా. రెండింజన్లదాంట్ల ఒక్కొక్కటి ఏనుగంత బలం. ఎన్క కూసునేటోడు సీట్లు చూస్తడు. ముందల కూసునేటోడు దిగే జాగా చూడాలె." గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు, "మూడింజన్లది నడిపే లైసెన్స్ నాకు లేదు. దానికి వేరే కెప్టెన్ వస్తడు."

మరునాడు వరండాలో భోజనాలు. నేనే వడ్డించాను. సేఠ్ నేరుగా అడిగాడు. "చెప్పు కెప్టెన్, ఏది మంచిది?"

"మంచిది రెండింజన్లదే సాబ్."

పప్పు వడ్డించబోయినదాన్ని గిన్నె కింద పెట్టేశాను.

"మరింకేంది? ఆర్డర్ ఇస్త."

"మీరు ఏది మంచిదని అడిగిన్రు, చెప్పిన. ఈడికి ఏది సరిపోతదని అడుగుండ్రి, చెప్త."

సేఠ్ ముద్ద ఆపాడు. "ఏది?"

"మూడింజన్లది. ఈ రన్‌వే మీద, ఈ ఎండల, అది దిగుతది. అది దిగితే ఒక్క ఇల్లు లేపే పని లేదు. విమానం వచ్చే ఎండాకాలానికే వస్తది సాబ్, వాడ లేచుడు గంత జల్ది కాదు. అందాక మీ రెండింజన్లది హైదరాబాదుల ఎండకు ఎండుతది."

"దాన్ని నువ్వు నడపలేవు గద?"

"నడపలేను."

"నీ సీటు నువ్వే పోగొట్టుకుంటవా? పాగల్ అయినవా హమీద్?"

ఆయన పళ్లెంలోకి చూస్తూ, "సీటు నాది సాబ్, జాగా మీది. నన్ను అడిగింది జాగా గురించే" అన్నాడు. సేఠ్ ఆపిన ముద్ద నోట్లో పెట్టుకొని, పళ్లెం ఖాళీ చేశాడు. చివరికి మజ్జిగ అడిగాడు. నేను తెచ్చేసరికి మూడింజన్లది ఖాయమైంది. వంటింట్లోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. మా ఇండ్లు నిలిచినందుకో, ఆయన సీటు పోయినందుకో ఈనాటికీ తేల్చుకోలేను.

కొత్త విమానంతో పాటు ఆయనకు కొడుకు వయసున్న కెప్టెన్ ఒకరు వచ్చారు. హమీద్ సాబ్‌ను శిక్షణకు పంపి కుడివైపు, అంటే కింది చేతి సీటు ఇచ్చారు. వద్దని పోతాడనుకున్నాం. పోలేదు. కొత్త విమానం మొదటిసారి మా దగ్గరికి వచ్చిన రోజు వాడవాడంతా చెట్ల కింద నిలబడింది. రన్‌వే మీద కాయ అన్నది లేదు, ముందే ఊడ్చి పెట్టాం. అయినా ఆ తెల్లటి విమానం దిగబోయి దిగకుండా, వంగి, మా ఇండ్ల మీద ఒక పెద్ద చుట్టు తిరిగింది. మా అత్త చీపురు కింద పడేసి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. దిగాక ఆ పిల్ల కెప్టెన్ చాయ్ తాగుతూ నన్నే అడిగాడు, "అమ్మా, ఖాళీ రన్‌వే మీద చుట్టు ఎందుకమ్మా? పెద్దాయన తిప్పమంటే తిప్పిన." పక్కనున్న హమీద్ సాబ్ నాకు కన్ను గీటి, "ఈ ఊరి మర్యాద గది. ఇంటికొచ్చేటోడు గడప కాడ దగ్గి లోపలికి రాడా?" అన్నాడు.

చూపు మందగించేదాకా ఆయన ఆ కుడి సీటులోనే ఉన్నాడు. తరువాత నకిరేకల్ పోయాడు, ఇప్పుడు అక్కడే మట్టిలో ఉన్నాడు. మా వాడ ఉన్నచోటనే ఉంది. నా కొడుకు రంగు చూసి లారీ కొంటానంటే, లోడు వేసి గని దిగుడు దించి చూపించు, తరువాత మాట్లాడదామన్నాను. బండి దిగుడులో ఆగలేదు, బేరం వదిలేశాం. ఇష్టమైనది ఒకటి, తగినది ఒకటి ఎదురుగా నిలబడినప్పుడల్లా నాకు పప్పు గిన్నె కింద పెట్టేసిన ఆ వరండా గుర్తుకొస్తుంది. ఈనాటికీ ఎవరి ఇంటికి పోయినా వాకిట్లో ఒకసారి దగ్గుతాను, వాళ్లు ఎత్తుకోవలసింది ఎత్తుకునేదాకా నిలబడతాను.

ఇక లేవండి, చీకటి పడకముందే ఇల్లు చేరండి. మీ ఇంటి నుంచి ఎంత ఎత్తుకు ఎగిరినవాళ్లయినా చల్లగా మీ వాకిట్లోనే దిగాలి. మీరు ఆరబోసుకున్నది వాన తాకకుండా మీ గాదెకు చేరాలి. మీ పొయ్యి ఆరకుండా దేవుడు చూడాలి.