తాతయ్య దాటించేసిన వెలుగు

తాతయ్యకు చొక్కా గుండీ కుట్టుకోవడం రాదు. సూదిలో దారం ఎక్కించమంటే పూటంతా తీసుకుంటాడు. ప్రయోగశాలలో మాత్రం వెంట్రుకంత గాజు తీగలు రెండింటిని అతుకు కనబడకుండా కలిపేవాడు. ఇంట్లో చేతకానితనమంతా దొంగ వేషమేనని నానమ్మ దెప్పేది.

ప్రయోగశాలలో ఇద్దరూ పనిచేసేది ఒకే బల్ల దగ్గర. గాజు తీగను గుండ్రంగా కలిపి, అందులో లేజర్ కాంతిని తిప్పేవారు. మామూలుగా ఆ కాంతి సంతలో జనంలా, ఎవరి నడక వారిదే. తీగ చుట్టిన మూడు బిళ్లలను అటూ ఇటూ వంచుతుంటే ఎక్కడో ఒకచోట తరంగాలన్నీ అడుగు కలుపుతాయి. అప్పుడు కాంతి ధారగా రావడం మానేసి రవ్వలు రవ్వలుగా దూకుతుంది. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, రవ్వ ఆయుష్షు అందులో ఒక్క ముక్క కూడా ఉండదు.

బిళ్లలు వంచేది తాతయ్య. ఆయన వెనక కూర్చుని తెర చూసేది నానమ్మ. రవ్వలు వరసగా నిలబడగానే "ఆగండి" అనేది. ఆయన చెయ్యి అక్కడే ఆగేది. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ వెనక్కి తిరిగి చూసుకోలేదు. పెళ్లాం మాట వినే మొగుణ్ణి చూడాలంటే ఈ గదికే రావాలని తోటివాళ్లు నవ్వేవారు.

నానమ్మ పోయిన నెలకు తాతయ్య మళ్లీ పనిలోకి వెళ్లాడు. అప్పటికే తనంతట తానే కుదురుకునే కొత్త లేజర్ వచ్చేసింది. పాతది సాయంత్రంలోగా పనిచేస్తే ఉంచుతామని, లేకపోతే విప్పేస్తామని ప్రయోగశాల నడిపే మేడమ్ చెప్పింది. తాతయ్యా నానమ్మా కలిసి కట్టిన ఆఖరి లేజర్ అది.

పొద్దున్నుంచీ బిళ్లలు వంచుతూనే ఉన్నాడు. భోజనానికీ లేవలేదు. మధ్యాహ్నం మేడమ్ వచ్చి నానమ్మ కుర్చీలో కూర్చుంది. అయిదు కావస్తుండగా మెల్లగా అంది.

"ఇప్పటికి మూడుసార్లు కుదిరిందండీ. మీరే దాటించేశారు."

తాతయ్య చెయ్యి బిళ్ల మీదే ఉండిపోయింది.

"చెప్పలేదేం తల్లీ?"

"మీకు తెలుస్తోందనుకున్నాను. ఇంకా బాగా రావాలని తిప్పుతున్నారేమో అనుకున్నా."

పొద్దున్నుంచీ తను దేనికోసం చెవి ఒగ్గి కూర్చున్నాడో ఆయనకు అప్పుడు తెలిసింది. ఇంకొక్కసారి చూడమని, ఈసారి తప్పకుండా చెబుతానని మేడమ్ బతిమాలింది.

"నీ మాటకు ఈ చెయ్యి ఆగదులే తల్లీ" అన్నాడు.

లేజర్ ఆపేసి, స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. రేపు కుర్రాళ్లు విప్పుతారులెమ్మని ఆమె అంటున్నా వినిపించుకోలేదు. బిళ్లల మీది తీగను చుట్టు వెంట చుట్టు విప్పుతూ పోయాడు. ఇక ఎవరికీ పనికిరాని తీగ, తెగకుండా.