మా తాతయ్య ముట్టని రొట్టె

నా చిన్నప్పుడు అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. ఘంటసాల దగ్గర మా ఊళ్ళో చర్చికి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ అలాంటి కుండ ఒకటి ఉండేది. వారమంతా కూడిన ఆ పిడికెడు బియ్యం ఆదివారం చర్చికి చేరేది, అక్కణ్ణించి లేనివాళ్ళకు వెళ్ళేది. కుండలోది దేవుడిది. దాని మీద చెయ్యి వేయడమంటే మాకు చిన్న తప్పు కాదు.

మా తాతయ్య చర్చిలో సంఘ పెద్ద. మంచివాడే గాని కోపం ముక్కు మీదే ఉండేది. ఒక శనివారం సాయంత్రం మూత తీసి చూస్తే కుండ సగానికి సగం ఖాళీగా ఉంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. నలుగురు కూర్చున్న అరుగు మీదికి వచ్చి, ఈ ఇంట్లోకి వచ్చిపోయే పరాయి చెయ్యి ఒక్కటేనని గట్టిగా అన్నాడు.

ఆ చెయ్యి పక్కింటి అక్కది. తల్లీ తనూ ఇద్దరే. నాలుగిళ్ళలో బియ్యం చెరిగి, పప్పులు బాగుచేసి బతికేవాళ్ళు. నాకు రోజూ జడ వేసేది తనే. ఆ సమయానికి మా దొడ్లోనే చెరుగుతోంది. మాట చెవిన పడగానే చేట కింద పెట్టి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. దొంగ అన్న పేరు పడితే ఆ నాలుగిళ్ళ తలుపులూ మూసుకుపోతాయని చిన్నపిల్లనైన నాకే అర్థమైంది.

మర్నాడు చర్చికి బయల్దేరుతుంటే అమ్మ తాతయ్య చేతికి కండువా ఇస్తూ ఏడ్చేసింది. “నేనే తీశాను మావయ్యగారూ. మొన్న అవనిగడ్డ నుంచి చుట్టాలొస్తే ఇంట్లో బియ్యం చాల్లేదు. మళ్ళీ పోద్దామనుకున్నాను. మీరు అలా అరుస్తుంటే నోరు పెగల్లేదండీ.” తాతయ్య ముఖం పాలిపోయింది. కండువా వేసుకుని నడిచాడు.

అది ప్రభువు బల్ల ఉన్న ఆదివారం, క్రీస్తును తలుచుకుని అందరం రొట్టె పంచుకునే రోజు. మనసులో ఒకరి మీద కోపం పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదని మా వాళ్ళ నియమం. రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది తాతయ్యే. చివరి చాప మీద కూర్చున్న అక్క దగ్గరకు వెళ్ళేసరికి తను తల వంచుకుంది, చెయ్యి చాపలేదు. గుసగుసలు మొదలయ్యాయి. తప్పు చేసింది కనకే ముట్టలేదని చూసినవాళ్ళు అనుకున్నారు. అమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

తాతయ్య అక్కణ్ణించి కదల్లేదు. “నిన్న మా అరుగు మీద ఈ అమ్మాయిని అనరాని మాట అన్నాను. ఆ బియ్యం మా ఇంట్లోనే వండుకు తిన్నాం. అడక్కుండా అన్నాను. తప్పు నాది. క్షమించమ్మా.” అంతే అన్నాడు. అమ్మ పేరు బయటపెట్టలేదు. తొందరపాటనీ, వయసైపోయిందనీ సాకులు చెప్పలేదు. అక్క చాలాసేపటికి చెయ్యి చాపింది. తాతయ్య మాత్రం ఆ రోజు రొట్టె ముట్టలేదు.

అక్కకు ఊళ్ళో పని పోలేదు. కానీ మా గడప మళ్ళీ తొక్కలేదు. నా జడ అమ్మే వంకరటింకరగా వేసేది. అంతమందిలో క్షమించమన్నా ఎందుకు రాదని ఒకరోజు తాతయ్యని అడిగాను, కొంచెం కోపంగానే. “అడగడం మన వంతు తల్లీ. రావడం, మానడం ఆ అమ్మాయిష్టం,” అన్నాడు. ఆ దిగులు ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

ఇప్పుడు మా పిల్లలకు, మనవలకు నేను చెప్పే బుద్ధులు ఎక్కువేం లేవు. అనే ముందు అడగండి. నలుగురిలో జారిన మాటను నలుగురిలోనే ఎత్తుకోండి. చెప్పడం తేలికే. ఈమధ్య ఉద్యోగం మానేసి గుడివాడ వచ్చేసిన మనవరాలిని, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో, బద్ధకానికి మందు లేదన్నాను. అక్కడి పై అధికారి పెట్టే హింస పడలేకే వచ్చేసిందని తర్వాత తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్ చేసి చాటుగా బతిమాలుకుందామనే మొదట అనిపించింది. తాతయ్య గుర్తొచ్చి, అందరూ చూసే ఆ గ్రూపులోనే తడుముకుంటూ టైపు చేశాను: అడక్కుండా అన్నాను, తప్పు నాది.

పిల్ల చూసింది. గుడివాడ వచ్చిన దగ్గర్నించి ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. రమ్మని నేను ఒత్తిడి చేయడం లేదు. కాకపోతే ఆదివారం ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఆ పిల్ల వంతు ఒక పిడికెడు ఎక్కువే పోస్తున్నాను.