గుమ్మం దాటని చీటీ

ఈ పరాయి దేశంలో, గంగాలిన్ అనే శివారులో మా ఇంటి ముందున్న పోస్టు డబ్బాలో, సూపర్‌మార్కెట్ కరపత్రాల మధ్య, నారింజ రంగు చీటీ ఒకటి పంతొమ్మిది రోజులుగా ఉంది. దాన్ని ఇంట్లోకి తేలేదు, పారెయ్యనూ లేదు. చావు కబురు మోసుకొచ్చిన కాగితం గుమ్మం దాటకూడదని మా ఇంటి నియమం. మా నాయనమ్మ అలాంటి కార్డును వాకిట్లోనే చదివించుకుని, అక్కడే చింపించి, అటునుంచటే నూతి దగ్గరికి వెళ్ళి కట్టుబట్టలతో తలస్నానం చేసేది. నేను ఈ చీటీని చింపలేను. అది ఎవరిదో నాకింకా తెలియదు. మా చిన్నాన్న కొడుకుది కాకూడదని మాత్రం రోజుకు ఎన్నిసార్లు అనుకుంటున్నానో లెక్క లేదు.

ఈ చీటీ దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది మా అమ్మాయి. తను చదివే యూనివర్సిటీలో, ఉత్తరాన పడవల్లో సముద్రం దాటి ఈ దేశానికి రాబోయి పోయినవాళ్ళ జ్ఞాపకార్థం ఒక ప్రదర్శన పెడుతున్నారు. గోడ నిండా సముద్రం పటం. పోయిన ఒక్కొక్కరికీ ఒక్కొక్క చీటీ, శవం దొరికిన చోట దారంతో మేకుకు వేలాడదీస్తారు. పేరు తెలిసినవాళ్ళకు గోధుమ రంగు, తెలియనివాళ్ళకు నారింజ రంగు. ప్రతి చీటీ చేత్తోనే రాయాలి.

"నాన్నా, యూ హావ్ ద బెస్ట్ హ్యాండ్‌రైటింగ్ ఐ నో. ఒక్క సాటర్‌డే, ప్లీజ్."

పొగడ్తకు లొంగాను. మా తాత హయాంలో మా వీధిన వెళ్ళేవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని వెళ్ళేవారట. అందులో తప్పేమిటో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇల్లూ పొలమూ పోయాక నా వంతుకు మిగిలినవి నిటారుగా కూర్చునే అలవాటూ, మంచి చేతిరాతా. కాబట్టి ఆ శనివారం గ్యాలరీలో పొడవాటి బల్ల దగ్గర నిటారుగా కూర్చుని, నల్ల సిరా పెన్నుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో చావులు రాయడం మొదలుపెట్టాను.

మా అమ్మాయి నాకిచ్చిన జాబితా నారింజ రంగు చీటీలది. ఆడో మగో, సుమారు వయసు, ఒంటిమీద దొరికినవి. పదో పన్నెండో రాశాక ఒక వరుస దగ్గర నా చెయ్యి ఆగింది. అందులో ఇలా ఉంది: మగ. నలభై దాటిన వయసు. ఎడమ కనుబొమ్మను చీలుస్తూ పాత మచ్చ. నడుము చుట్టూ ముడివేసిన నల్లటి తాడు, దేనికో తెలియదు.

దేనికో తెలియదట. నాకు తెలుసు.

"వాట్ హాపెండ్?" అంది మా అమ్మాయి.

"ఇది మొలతాడే."

"మీన్స్? బెల్టా?"

"బెల్టు కాదమ్మా. పసివాడుగా ఉన్నప్పుడు కడతారు. పాతబడితే మార్చుకుంటారు కానీ మొల ఖాళీగా ఉంచుకోరు. మనిషి పోయాకే తెంపుతారు. పోయేటప్పుడు మొలతాడు కూడా వెంట రాదంటారు మనవాళ్ళు."

అది జాబితాలోకి తొంగి చూసింది. "సో ఇతనిది ఎవరు కట్ చేశారు?"

నేను ఆ చీటీ ఖాళీగానే జేబులో పెట్టుకుని, తలనొప్పి అని చెప్పి లేచాను.

మొలతాడు కట్టేవాళ్ళు లక్షల్లో ఉంటారు. తమిళులూ కడతారు. మచ్చలు ఎవరికైనా ఉంటాయి. ట్రామ్ స్టాపు దాకా అలా సర్దిచెప్పుకుంటూ నడుస్తున్నాను. యూకలిప్టస్ చెట్ల కింద మాగ్‌పై పిట్ట ఒకటి వెనకనుంచి వచ్చి నా తల మీద తన్నింది. వసంతకాలంలో గూళ్ళు పెట్టుకున్నప్పుడు ఇక్కడ అవి అలాగే చేస్తాయి. అవి దగ్గరికి రాకుండా సైకిళ్ళవాళ్ళు హెల్మెట్లకు తీగలు కట్టుకుని తిరుగుతారు. ఇదంతా తెలిసిన మనిషినే. అయినా దారిపక్క బెంచీ మీద కూలబడ్డాను. చిన్నాన్న కొడుక్కీ, అంటే మా తమ్ముడికీ, ఎడమ కనుబొమ్మ మీద అలాంటి మచ్చే ఉంది. అది ఎలా వచ్చిందో గుర్తొచ్చింది.

నాకప్పుడు పన్నెండేళ్ళు, వాడికి ఆరు. పెరటి గోడ మీద కూర్చుని జామకాయ తింటుంటే కాకి వాడి తల మీద తన్నింది. ఉలిక్కిపడి కిందపడ్డాడు. కనుబొమ్మ చీలింది, మూడు కుట్లు పడ్డాయి. నాయనమ్మకు కుట్ల బాధ కన్నా కాకి బాధ ఎక్కువైంది. కాకి తంతే గండం. అయినవాళ్ళకు చనిపోయినట్టు అబద్ధపు కబురు పంపి, వాళ్ళు ఏడిస్తే ఆ గండం కరిగిపోతుంది. కార్డు రాయడానికి నన్ను కూర్చోబెట్టింది.

"అక్షరాలు వంకర పోకూడదు. నిజమని నమ్మాలి వాళ్ళు" అంది.

వాడి తల్లి, మా పిన్ని పుట్టింటికి రాశాను, నల్ల సిరాతో, కార్డుకు ఎక్కడా పసుపు పెట్టకుండా. మూడో రోజు వాళ్ళు బస్సు దిగి వీధి మొదట్నుంచీ ఏడుస్తూ వచ్చారు. వాకిట్లో గోళీలాడుతున్న వాణ్ణి చూసి పిన్ని తల్లి ముందు వాడి వీపు మీద రెండు వేసి, తరవాత ఒళ్ళోకి లాక్కుంది. ఆ తరవాత ఎన్నేళ్ళయినా వాడు నన్ను ఆటపట్టించేవాడు: "నీ చేతిరాత గొప్పది అన్నయ్యా. నువ్వు రాశాక యముడు కూడా నా ఫైలు మూసేశాడు."

వాడి చివరి ఫోను రెండేళ్ళ కిందటిది. రొయ్యల చెరువులు దెబ్బతిని, ఉన్నవన్నీ పోగొట్టుకున్నాడు. "వీసా కోసం ఒక్క ఉత్తరం రాయి చాలు. మా తమ్ముడు ఊరు చూడ్డానికి వస్తున్నాడని. వచ్చాక నా తిప్పలు నేను పడతాను."

"చూడ్డానికి కాదుగా వచ్చేది. అబద్ధం నేను రాయను. మన ఇంట్లో ఎవరూ దొడ్డిదారిన వెళ్ళలేదు."

వాడు నవ్వాడు. "దొడ్డి కూడా అమ్మేశాం కదా అన్నయ్యా. ఇంక ఆ దారెక్కడుంది?" తరవాత, దాటించేవాణ్ణెవర్నో చూసుకుంటానన్నాడు. జకార్తా దాకా వెళ్ళాడని బంధువుల వల్ల విన్నాను. అంతే. పిన్ని ఒకసారి ఫోన్ చేసింది. నేను మీటింగులో ఉన్నాను. మీటింగు అయ్యాక కూడా చెయ్యలేదు. పన్నెండేళ్ళప్పుడు వాడి కోసం ఒక అబద్ధం రాశాను, నలభై ఏడేళ్ళకు ఇంకొకటి రాయనన్నాను. ఆ రెండూ పరువైన పనులే అనుకున్నాను.

ఆ శనివారం ఇంటికి రాగానే చీటీని పోస్టు డబ్బాలో కరపత్రాల మధ్య పెట్టాను. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చొక్కా తొడుక్కుంటూ నా నడుముకున్న తాడు చేతికి తగిలితే చటుక్కున చెయ్యి తీసేసేవాణ్ణి. సముద్రంలో ఎన్నాళ్ళుండి ఉంటుంది అది? అంతా పోయి అదొక్కటే ఎలా మిగిలింది? మూడో రోజు మా అమ్మాయి నిలదీస్తే చెప్పేశాను. అది గ్యాలరీ వాళ్ళనడిగి, దిక్కులేని చావుల విచారణ చేసే కరోనర్ ఆఫీసు నంబరు తెచ్చింది. అక్కడి మనిషి మర్యాదగా మాట్లాడింది. నా డీఎన్‌ఏ నమూనా పనికొస్తుందంది, తండ్రి వైపు రక్తం కాబట్టి. తల్లి నమూనా అయితే మరీ మంచిదట.

"సో కాల్ హర్" అంది మా అమ్మాయి.

"ఏమని అడగను? నీ కొడుకు బతికున్నాడా అనా?"

"ఐ డోంట్ నో, నాన్నా. బట్ యూ హావ్ టు."

ఫోన్ ఎత్తగానే పిన్ని గొంతు పోల్చుకుంది. "ఏం పెద్దబాబూ, దారి తప్పి చేశావా?"

"తమ్ముడి కబురేమైనా తెలిసిందేమోనని..."

"నీ దగ్గరికే కదయ్యా వాడు బయల్దేరింది. నువ్వు నన్నడుగుతావేం?"

వెనకాల గ్రైండరు తిరుగుతోంది. నేను అడిగాను. "పిన్నీ, వాడికి మొలతాడు ఎలాంటిది?"

గ్రైండరు ఆగిపోయింది.

"నల్లది" అంది. "వెండిది చెరువులప్పుడే పోయింది. వెళ్ళేముందు నల్లదారం కొత్తది పేని నేనే కట్టాను. ఎందుకు?"

చెప్పాను. మచ్చ గురించి కూడా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కచేరీలో సాక్షిని అడిగినట్టు అడిగింది.

"ఆ చీటీ నువ్వు రాశావా?"

"రాయమన్నారు. రాయలేదు."

"రాయకు. అప్పుడు అబద్ధమని తెలిసి రాశావు, వాడికి మంచి జరిగింది. ఇప్పుడు తెలియకుండా రాయకు. స్నానం చేశావా?"

నాకు అర్థమైంది. దాయాది పోయాడని వింటే తల మీద నీళ్ళు పోసుకోవాలి. "లేదు పిన్నీ."

"చెయ్యకు. నువ్వు తల తడుపుకుంటే ఒప్పుకున్నట్టే. వాడు కాదని తెలిసిందాకా మెడ కింద పోసుకో చాలు." తరవాత, "వాడేనని తెలిస్తే ముందు నాకు చెప్పు. ఇంకెవరి నోటా వినలేను" అంది. తన నమూనా ఎక్కడ ఇవ్వాలో కనుక్కోమంది. ఫోన్ ఎందుకు చెయ్యలేదు ఇన్నాళ్ళూ అని మాత్రం అడగలేదు. అడిగితే బాగుండేది.

మర్నాడు వెళ్ళి నోరు తెరిచాను. ఒకమ్మాయి దూదిపుల్లతో చెంప లోపల రెండుసార్లు రుద్ది గొట్టంలో వేసి మూత పెట్టింది. మా వంశం అని జీవితమంతా ఎంత గట్టిగా చెప్పుకున్నానో, అదంతా ఆ గొట్టంలో పట్టింది. ఫలితం ఫోన్లో చెప్పమంటారా, ఉత్తరం పంపమంటారా అని అడిగింది. ఉత్తరమే పంపమన్నాను. ఫోనైతే నేరుగా ఇంట్లోకి వచ్చేస్తుంది.

ఆ శనివారం నుంచి పంతొమ్మిది రోజులైంది. తల మీద నీళ్ళు పోసుకోలేదు. ఆఫీసులో ఎవరూ ఏమీ అనరు, కానీ నా పక్క కుర్చీలో కూర్చోవడం తగ్గించారు. మా అమ్మాయి ఒక టోపీ కొనిచ్చింది, మాగ్‌పైలకు అని. దేనికో ఇద్దరికీ తెలుసు. ప్రదర్శన మొదలైంది. పటం మీద ఒక్క మేకు ఖాళీగా ఉందట. దానికి ఎవరూ ఇంకో చీటీ తగిలించకుండా మా అమ్మాయి చూసుకుంటోంది.

సాయంత్రం ట్రామ్ దిగి వస్తూ డబ్బా దగ్గర నిలబడతాను. మూత ఎత్తడానికి ముందు, మా నాయనమ్మ కార్డు చదివించుకునేటప్పుడు నిలబడినట్టు, నిటారుగా నిలబడతాను. లోపల చెయ్యి పెడితే ముందు తగిలేది ఆ ఖాళీ చీటీకి కట్టిన దారమే. దాన్ని పక్కకు జరిపి, కరపత్రాల్లో ఉత్తరముందేమోనని వెతుకుతాను.