ఆ ఏడాది పుట్టలో పోసిన పాలు

మా బ్యాచ్ మొత్తం కంప్యూటర్ కోర్సుల్లో చేరుతున్న రోజుల్లో మా అక్క పీహెచ్‌డీకని పాముల్లో చేరింది. నేను ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసులో కామెడీ ట్రాకులు రాసేవాణ్ణి. అంటే ఇంట్లో ఇద్దరికీ జీతం లేదు. "ఒకడు నవ్విస్తానంటాడు, ఒకతి పాకేవాటి వెంట పడుతుంది. ఏ జన్మలో ఏ పుట్ట తవ్వానో!" అనేది అమ్మ.

మా అద్దింటి వెనక రాళ్ళగుట్ట, దానిమీద ఒక పుట్ట. అందులో పెద్ద నాగుపాము ఉందని కాలనీ అంతటికీ నమ్మకం. ఎవరూ చూడలేదు. కనబడని హీరోకే కటౌట్ పెద్దది. వానలు మొదలయ్యాక అక్కకి ఆ పుట్ట పక్కన రాయికింద దొరికింది మాత్రం బూటు లేసంత పాము. గోధుమరంగు, కళ్ళుండాల్సినచోట రెండు చుక్కలు.

పక్క ప్లాటు వాచ్‌మన్ తొంగిచూసి, "గిది పామేందక్కా, వానపాము గదా! కోళ్ళకెయ్యి," అన్నాడు.

అక్క దాన్ని భూతద్దం కింద పెట్టి పొలుసుల వరసలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. పుస్తకాల్లోని ఏ పాముతోనూ ఆ లెక్క కలవలేదు. "ఒరేయ్, దీనికింకా పేరు లేదురా," అంది.

"ఫిల్మ్ నగర్‌లో పేరు రానివాళ్ళు వీధికి పదిమంది. దీన్నీ క్యూలో నిలబడమను," అన్నాను.

కానీ కొత్త జాతి అని ప్రకటించాలంటే ఫొటోలు చాలవట. ఒక పాముని చంపి, స్పిరిట్‌లో పెట్టి, మ్యూజియానికి అప్పగించాలి. రేపెవరికి అనుమానం వచ్చినా తీసి చూసుకోవాలి కదా. "శరీరం లేకపోతే జాతి లేదమ్మా," అన్నారట అక్క గైడు. అక్క రోజంతా బతికున్న పామున్న సీసా ముందు కూర్చుని, పొద్దువాలాక దాన్ని తీసుకెళ్ళి పుట్టలో వదిలేసింది.

"చచ్చింది ఎప్పుడో ఒకటి దొరక్కపోదు. అప్పటిదాకా ఆగుతా."

"పీహెచ్‌డీ, పెన్షనూ ఒకేసారి వస్తాయి."

"నోర్ముయ్‌రా."

ఆ ఏడే ఐటీవాళ్ళు ఇళ్ళు కొనడం మొదలుపెట్టారు. గుట్టల్ని పేల్చి అపార్ట్‌మెంట్లు లేపారు. చుట్టుపక్కల పుట్టలన్నీ పోయి ఇదొక్కటే మిగిలింది. దాంతో శ్రావణంలో ఇక్కడివాళ్ళ పంచమి పాలూ, కార్తీకంలో మావాళ్ళ చవితి పాలూ అన్నీ ఈ పుట్టలోకే. నాగుల చవితి పొద్దున్న గుట్టమీద మార్నింగ్ షో అంత క్యూ. అక్క ఒక్కొక్కరినీ బతిమాలుతోంది: "ఏమండీ, పైన నాలుగు చుక్కలు చల్లండి చాలు. లోపల పోయకండి, ఊపిరాడదు."

"పండగపూట పాలొద్దంటావేంటమ్మా!" అన్నారు.

చివర్లో అమ్మ వచ్చింది. చెంబుతో కాదు, క్యాన్‌తో.

"అమ్మా, నువ్వైనా..."

"నీ చదువు గట్టెక్కాలని మొక్కుకున్నానే," అని క్యాన్ మొత్తం వంచేసింది.

జనం వెళ్ళాక చూస్తే పుట్ట అడుగునున్న కన్నంలోంచి పాలు కారుతున్నాయి. వాటితోపాటు అదీ బయటికొచ్చింది. కదలడం లేదు. అక్క దాన్ని కుళాయి కింద పెట్టి, పాల జిడ్డు పోయేదాకా వేలితో తుడిచింది. పొలుసులు లెక్కపెట్టింది. అదే లెక్క. అమ్మ మొక్కు అంత తొందరగా ఫలించడం నేనెప్పుడూ చూడలేదు.

స్పిరిట్‌లో దాని రంగు వెలిసి పాలిపోయింది. అందుకే కొత్త జాతిని ప్రకటించే వ్యాసాల్లో బతికున్నప్పటి రంగు కూడా రాస్తారు. 'బతికుండగా గోధుమరంగు' అన్న ముక్క దగ్గర అక్క చాలాసేపు ఆగిపోయింది. దొరికిన చోటు రాళ్ళగుట్ట అని రాసింది. వ్యాసం అచ్చయ్యేసరికి ఆ గుట్ట సెల్లార్ పార్కింగ్ అయిపోయింది.

పాముకి ఎవరూ తమ పేరు తామే పెట్టుకోరట. అక్క అమ్మ పేరు పెట్టింది. అమ్మ పొంగిపోయింది. "నా పేరు పాముకా! వీధంతా ఎప్పట్నుంచో అంటున్నదే," అని నవ్వింది. తర్వాత అడిగింది: "ఇంతకీ ఆ చచ్చిన పాము ఎప్పుడు దొరికిందే?"

అక్కకి అబద్ధం రాదు. "చవితినాడు," అంది.

నా దగ్గర జోకులకి కొదవలేదు. ఫ్యాన్ వంక చూశాను.

మరుసటి చవితికి, గుట్ట లేదని తెలిసీ, అమ్మ అలవాటుగా పాలు తీసుకెళ్ళింది. పుట్ట ఉండాల్సిన చోట అపార్ట్‌మెంట్ గేటు. కాసేపు నిలబడి, నిండు క్యాన్‌తో తిరిగొచ్చి, ఆ పాలతో టీ పెట్టింది. ముగ్గురం తాగుతున్నాం. పంచదార వేయడం మర్చిపోయింది. ఎవరూ లేచి డబ్బా తేలేదు.