సగం బిగించిన స్క్రూలు

పడవలకు కిటికీలు బిగించే ఆ మనిషిని వర్క్‌షాపులో అందరూ మేకు అంటారు. ఒకసారి దిగాడంటే ఊడిరాడని. ఆ పేరంటే అతనికి కోపం లేదు సరికదా, కాస్త గర్వం కూడా. కనబడిన ప్రతివాడితోనూ తగాదా పెట్టుకునే ఆ మనిషికి నోరు మూసుకుని కూర్చోగలిగే చోటు ఒక్కటే ఉంది, అక్క ఇల్లు. అది గట్టుకు కట్టేసి ఉండే చిన్న పడవ. వంటకీ పడకకీ ఒకటే గది, దానికి నాలుగు కిటికీలు. ఆ ఇంట్లో ఉన్న లోపమల్లా బావ.

బావ ఒకప్పుడు నలుగురి ముందు, "వీడు బిగించిన కిటికీ కంటే గోనెపట్టా నయం" అన్నాడు. మేకు ఊరుకుంటాడా? "మా అక్కని తీసుకెళ్ళి నీళ్ళమీద డబ్బాలో పెట్టాడు" అని అదే నలుగురి ముందు తిప్పికొట్టాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గదిలో మోకాళ్ళు తగిలేలా కూర్చుని కూడా, "మీ తమ్ముణ్ణి కాస్త జరగమను" అని ఈయన, "మీ ఆయన్ని కళ్ళు తెరిచి నడవమను" అని అతను. మధ్యలో అక్క అటూ ఇటూ మాటలు మోస్తూ, సగం దారిలో పారబోస్తూ ఏళ్ళు నెట్టుకొచ్చింది.

ఆవిడకి ఒకసారి నిమ్ము చేసి, దగ్గు పట్టుకుంది. కిటికీల చుట్టూ రబ్బరు ఎండి పెళుసెక్కి, వాన పడితే నీళ్ళన్నీ లోపలికే వస్తున్నాయి. చెమ్మ తగలకూడదనీ, మళ్ళీ నిమ్ము చేస్తే ఊపిరితిత్తులు తట్టుకోలేవనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. మేకు ఆ మాట వినగానే కొత్త అద్దాలు కోయించి, రబ్బరు చుట్టలు భుజాన వేసుకుని వచ్చేశాడు. దుమ్ము, కిటికీలకి పెట్టే మందు వాసన సరిపడవని అక్కని పిన్ని ఇంటికి పంపించారు.

దాంతో మాటలు మోసే మనిషి లేకుండా పోయింది. ఇద్దరూ తిట్లు మాత్రం మానలేదు. బావ స్టవ్వు వైపు తిరిగి, "కొందరు చెప్పులతోనే లోపలికొచ్చేస్తారు" అన్నాడు. మేకు సుత్తి చూసుకుంటూ, "కొందరి ఇంట్లో చెప్పులు విప్పితే కాళ్ళకి మసి అంటుతుంది" అన్నాడు. స్టవ్వూ సుత్తీ ఏమనుకున్నాయో గానీ పని మాత్రం సాగింది. పాత ఫ్రేములు విప్పి, గట్టిపడిన మందు గీకి, స్పిరిటుతో తుడిచి, కొత్త రబ్బరు వేసి, చుట్టూ నీళ్ళు దిగకుండా సిలికాన్ మందు పెట్టి, ఫ్రేములు మళ్ళీ కూర్చోబెట్టాడు.

ఈ పనిలో కిటుకంతా చివరే ఉంది. స్క్రూలు సగమే బిగించి వదిలెయ్యాలి. లోపలి మందు ఎండి మెత్తలా తయారయ్యాక మిగతా సగం బిగించాలి. ముందే బిగిస్తే మందంతా బయటికొచ్చేస్తుంది, లోపల ఏమీ మిగలదు. అందుకే స్క్రూల జోలికి వెళ్ళొద్దని ప్రతి పడవ వాళ్ళకీ చెప్పి మరీ వెళ్తాడు. ఇక్కడ చెప్పాలంటే బావతో చెప్పాలి. పోనీ సుత్తితోనైనా అనొచ్చు, అదీ అనలేదు. తిట్టడానికైతే సుత్తి సరిపోతుంది గానీ, మంచి మాట చెబితే తనే తగ్గినట్టవుతుందని అతని బాధ. సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

రెండోనాడు పొద్దున వచ్చేసరికి స్క్రూలన్నీ బిర్రుగా బిగించి ఉన్నాయి. బయటికొచ్చిన మందుని బావ శుభ్రంగా గీకి, అద్దాలు కూడా తుడిచిపెట్టాడు.

"స్క్రూలు వదులుగా వదిలేసి పోయారు" అన్నాడు స్టవ్వుతో. "మనం మునిగితే చూద్దామని కాబోలు. నేనే బిగించాను."

మేకుకి ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకుండానే లోపల ఇంకొకటి పుట్టింది, అది సంతోషం. ఒక్క వాన పడితే చాలు, ఈ పెద్దమనిషి ప్రతాపం అక్క కళ్ళారా చూస్తుంది. మళ్ళీ విప్పి వెయ్యడానికి ఒక పూట పని. వెయ్యలేదు. కిటికీ కిందే అక్క పరుపు అన్న సంగతి తట్టింది కూడా. తట్టినదాన్ని పక్కకి నెట్టేశాడు.

సాయంత్రం అక్క వచ్చి అద్దాలు తడిమి చూసింది. "అవతలి గట్టు కనిపిస్తోందిరా" అని మురిసిపోయింది. అతను తలూపాడు. వాన పడ్డ రోజు ఏం అనాలో మనసులో అప్పుడే కూర్చుకుంటున్నాడు.

ఆ వారంలోనే పెద్ద వాన కురిసింది. నీళ్ళు గోడ మీద కారి ఉంటే ఎవరైనా చూసేవారు. చెక్క వెనకనుంచి దిగి తిన్నగా పరుపులోకి ఇంకాయి. మేకు తెల్లారి హుషారుగా పడవెక్కేసరికి అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, ఊపిరి గురగురమంటోంది. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి బావ ఆటో కోసం గట్టు మీదికీ లోపలికీ తిరుగుతున్నాడు. మేకు పక్కన కూర్చుని ఆవిడ నుదురు తాకి చూశాడు. అయినా నోరు ఊరుకోలేదు.

"ఇదంతా మీ ఆయన నిర్వాకమే అక్కా. మందు ఎండకుండానే స్క్రూలు బిగించేశాడు. నా పని నాశనం చేశాడు."

బావ మొహం పాలిపోయింది. "నాకు తెలీదే" అన్నాడు అక్కతో. "నిజంగా తెలీదు."

అక్క దగ్గు ఆగేదాకా ఆగి, తమ్ముడి వైపు తిరిగింది. "బిగించాడని నువ్వెప్పుడు చూశావు?"

"నువ్వొచ్చిన రోజు పొద్దున."

అన్నాక గానీ అతనికి అర్థం కాలేదు తనేం అన్నాడో. అక్క తడిసిన పరుపు వైపు చూపించింది.

"ఆయన తెలీక చేశాడు. నువ్వు తెలిసి పడుకోబెట్టావురా నన్ను."

"ఇవాళే విప్పి మళ్ళీ వేస్తానక్కా."

"వద్దు. మీ వర్క్‌షాపులో ఇంకెవరినైనా పంపు."

పంపాడు. ఆవిడ ఆస్పత్రిలో ఉండగా ఒకసారి, ఇంటికొచ్చిన రోజు మిగతా సగం బిగించడానికి మరోసారి పంపాడు. ఆ రెండోసారి పొద్దంతా అతని చేతికి ఏ పనీ పట్టలేదు. పని ముగించుకుని వచ్చిన తోటి ఫిట్టరు పెట్టె దించకముందే ఎదురెళ్ళాడు.

"అక్క ఎలా ఉంది?"

ఆ ఫిట్టరు ఇబ్బందిగా రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. "కిటికీల సంగతైతే మీ అక్కగారు చెప్పమన్నారు, బాగా కుదిరాయి. తన సంగతి మాత్రం మీకు చెప్పొద్దన్నారు."