హారతిచ్చిన ఫాగ్ లైట్లు

పొద్దున ఆరింటికి మా తమ్ముడు శ్రీను టూరుకెళ్ళే బండిని కడిగి వాకిట్లో నిలబెట్టాడు. తనే కొత్తగా బిగించిన ఫాగ్ లైట్లు వెలిగించాడు. నేను బొట్లు పెట్టి హారతిచ్చాను. వాడు స్విచ్ ఆపబోతే, పూజలో వెలిగిన దీపం ఆర్పకూడదని వారించాను.

“అది దీపం కాదక్కా, లైటు!”

“నీకు దారి చూపించేదేదైనా నాకు దీపమేరా.”

నవ్వి వదిలేశాడు. ఎనిమిదింటికి చూస్తే బ్యాటరీ దిగిపోయి బండి స్టార్ట్ కాలేదు. తాళం తీసేసినా వెలిగేలా వైర్లు నేరుగా బ్యాటరీకి కలిపాడట. నిడదవోలులో ఎదురుచూస్తున్న స్నేహితులు వాడు లేకుండానే వెళ్ళిపోయారు. వాడి ముఖం చూడలేకపోయాను. తప్పు నాదా, వైరింగ్‌దా? మీరే చెప్పండి.

సాయంత్రం ఇంట్లో అందరం కలిసి తేల్చాం. తాళం తిప్పితేనే లైట్లు వెలిగేలా వాడు మార్చాలి, రేపు బయలుదేరి వాళ్ళను కలుసుకోవాలి. హారతి మళ్ళీ నేనే ఇవ్వాలట. ఆ షరతు మాత్రం వాడిదే.